పాప చదువు డబ్బుతో పాత కత్తులు కొనొచ్చా?

ప్రశ్న: మేం ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో ఉంటున్నాం. నాకు 19వ శతాబ్దపు ఫ్రెంచి సైనిక కత్తులంటే ఇష్టం. 1822 మోడల్ అశ్వికదళం కత్తి ఒకటి కొన్నాను. బ్యాంకులో 12,000 యూరోలున్నాయి. అందులో 9,000 పెట్టి మరో ఆరు కొంటే, పదేళ్ల తర్వాత పాప చదువుకు పనికొస్తాయా?

జవాబు: పాప చదువు కోసమైతే వద్దండీ. ఇష్టంతో అంటారా, ఒక్కటి కొనుక్కోండి.

ఇంట్లో ఉన్న కత్తి మీద వడ్డీ రాదు. లాభమేదైనా అమ్మిన రోజే, అందులోనూ కమీషన్లకే బోలెడు పోతుంది. వేలంలో పాట 1,000 యూరోల దగ్గర ఆగిందనుకోండి. కొనేవారి కమీషన్ 25 శాతమైతే మీరు కట్టేది 1,250. రేపు అదే ధరకు అమ్మితే, 15 శాతం కమీషన్ పోను చేతికొచ్చేది 850. పాట ధర 47 శాతం పెరిగితేగానీ మీ అసలు మీకు రాదు.

రసీదులు మాత్రం భద్రంగా దాచండి. ఒక వస్తువు 5,000 యూరోలు దాటి అమ్ముడైతే ఫ్రాన్స్‌లో మొత్తం అమ్మకం ధర మీద 6.5 శాతం పన్ను పడుతుంది. ఎప్పుడు, ఎంతకు కొన్నారో రుజువు చూపగలిగితే లాభం మీదే కట్టే పద్ధతి ఎంచుకోవచ్చు.

ఆ 12,000లో ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా ‘లివ్రే ఆ’ అనే పొదుపు ఖాతాలో ఉంచండి. దాని వడ్డీకి పన్ను లేదు. పాప చదువు కోసం మీ పేరు మీద పీఈఏ (షేర్లలో పెట్టుబడి పెట్టే పొదుపు ఖాతా) తెరిచి నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లో వేయండి. ఐదేళ్లు దాటాక లాభం మీద ఆదాయపు పన్ను ఉండదు, సామాజిక పన్నులు మాత్రం తప్పవు. ఫండ్ విలువ మధ్యలో పడినా కంగారుపడి ఆపేయకండి.

ఇక కత్తి కొనేముందు బ్లేడు వెన్ను మీద వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. చాలావాటి మీద షాతెల్‌రో ఆయుధ కర్మాగారం పేరు, నెల, సంవత్సరం సన్నటి గొలుసుకట్టు అక్షరాల్లో చెక్కి ఉంటాయి. 1860 అని ఉండి పక్కన ‘రొయాల్’ (రాజుది) అని కనిపిస్తే అనుమానించండి. అప్పుడు మూడో నెపోలియన్ చక్రవర్తి, కాబట్టి ‘అంపేరియాల్’ (చక్రవర్తిది) అని ఉండాలి. పిడి మీదా ఒర మీదా నంబర్లుంటే అవి కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే ఆ ఒర వేరే కత్తిదై ఉండొచ్చు, ధర తగ్గించమని అడగండి.

ఇంకో మాట. ఇత్తడి పిడి నల్లబడిందని చింతపండు పెట్టి తోమకండి. వందేళ్లకు పైగా పట్టిన ఆ రంగు కోసమే సేకరించేవాళ్లు డబ్బిస్తారు. ఇప్పుడు మీ దగ్గరున్న కత్తి వెన్ను మీద ఏముందో చదివి నాకు రాయండి.