2008లో పోయిన 35 పౌండ్లు ఇప్పుడు తిరిగొస్తాయా?

ప్రశ్న: నమస్తే మేడం. నేను 2006లో చదువుకోడానికి ఇంగ్లండ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను, ఇప్పుడు లెస్టర్‌లో ఉంటున్నాం. 2008లో ఒక నెల జీతం రెండ్రోజులు లేటయింది, అకౌంట్లో 4 పౌండ్లు తక్కువపడి ఫోన్ బిల్లుకి అకౌంట్లోంచి దానంతటదే కట్టయ్యే డైరెక్ట్ డెబిట్ వెనక్కెళ్లిపోయింది, దానికి బ్యాంకు 35 పౌండ్లు వేసింది, ఆ 35 వల్లే అకౌంట్ మైనస్‌లోకి పోయి మళ్లీ ఇంకో 35, అలా ఆ ఏడాది 280 లాగేశారు. మా రూమ్మేట్ 2007 మొదట్లోనే కోర్టుకెళ్తానని లెటర్ రాస్తే వాళ్ల బ్యాంకు కిక్కురుమనకుండా ఇచ్చేసింది. అదే లెటర్ నేను కాపీ కొట్టి పంపితే "టెస్ట్ కేసు నడుస్తోంది, తేలేదాకా ఆగండి" అని రెండు లైన్ల జవాబు. ఆగాను. చివరికి బ్యాంకులే గెలిచాయన్నారు. కింద రెండు కోర్టులు మనవైపు చెప్పాక పైకోర్టు ఎలా తిప్పేసిందండీ? ఇప్పుడు ఎవరో ఫోన్ చేసి పాతవన్నీ తెప్పిస్తాం, ముందు 90 పౌండ్లు కట్టండి అంటున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దు బాబూ. ఆ 280 ఎలాగూ పోయాయి, వాటి వెనకాల ఇంకో 90 ఎందుకు.

మీ కడుపుమంట మాత్రం న్యాయమైనదే. 2007 జులైలో ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ (వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ) ఏడు బ్యాంకులు, ఒక బిల్డింగ్ సొసైటీ (బ్యాంకులాంటి సహకార సంస్థ) మీద టెస్ట్ కేసుకి, అంటే అలాంటి కేసులన్నిటికీ దారి చూపే ఒకే కేసుకి వెళ్లింది, దాంతో అప్పటికే పడున్న కంప్లయింట్లూ కౌంటీ కోర్టు కేసులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మీ రూమ్మేట్ ఆ గేటు పడకముందు దాటేశాడు, మీరు ఇవతల ఉండిపోయారు, అంతకుమించి తేడా ఏం లేదు. 2008 ఏప్రిల్‌లో హైకోర్టు, 2009 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు చెప్పింది "ఈ ఛార్జీలు న్యాయమా కాదా అని తూచొచ్చు" అని మాత్రమే, అన్యాయమని వాళ్లూ అనలేదు. ఇది చాలామందికి ఇప్పటికీ తెలీదు.

2009 నవంబర్ 25న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీలూ అసలు తూచడానికే వీల్లేదన్నారు. ఎందుకంటే 1999 నాటి రూల్స్ ప్రకారం కాంట్రాక్టులో షరతుల్ని ప్రశ్నించొచ్చుగానీ ధర ఎక్కువైందని ప్రశ్నించకూడదు. ఇది జరిమానా కాదు, అకౌంటు మొత్తానికి మేం తీసుకునే ధరలో ఒక భాగం అని బ్యాంకులు వాదించాయి, అదే నెగ్గింది. కరెంట్ అకౌంట్ల (ఇక్కడ మామూలు జనం వాడే ఖాతాలే) ఆదాయంలో 30 శాతం పైన ఈ ఛార్జీలదే అని ఆ కేసులోనే బయటపడింది. అంటే జీతం లేటైన మీలాంటి వాళ్ల డబ్బుతో, ఎప్పుడూ నిండుగా ఉండే వాళ్ల ఫ్రీ అకౌంట్లు నడిచాయన్నమాట! వేరే దారిలో సవాలు చేయొచ్చని జడ్జీలు తలుపు కాస్త తెరిచే ఉంచారు, కానీ డిసెంబర్‌లో ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగే చేతులెత్తేసింది. నాకు కోపం కోర్టు మీద కన్నా దానిమీదే ఎక్కువ.

పాతవి కోర్టులో అడగడానికి ఇంగ్లండ్‌లో మామూలుగా ఆరేళ్లే గడువు. ఈమధ్య పడ్డవేమైనా ఉంటే మాత్రం వదలకండి. బ్యాంకుకి కంప్లయింట్ రాయండి, ఏ తేదీన ఎంత పడిందో, ఆ దెబ్బకి అద్దెకో కరెంటుకో ఎంత తగ్గిందో స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని రాయండి, ఊరికే "అన్యాయం" అని రాస్తే ఎవడూ పట్టించుకోడు. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, తేల్చింది మీకు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు. బ్యాంకు ఆఖరి జవాబు వచ్చాక ఆరు నెలలు దాటనివ్వకండి.

ప్రశ్న: మేడం, ఛార్జీలు తీసేశామని మా బ్యాంకు గొప్పలు చెప్పి ఓవర్‌డ్రాఫ్ట్ (అకౌంట్ మైనస్‌లోకి వెళ్లి వాడుకునే డబ్బు) మీద వడ్డీ 39.9 శాతం చేసింది. ఇది ఇంకా దోపిడీ కదా? (క్రోయ్‌డన్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరెంత వాడతారో దాన్నిబట్టి ఉంటుందమ్మా. 2020 ఏప్రిల్ 6 నుంచి ఓవర్‌డ్రాఫ్ట్ మీద రోజుకింత నెలకింత అని ఫీజు వేయకూడదు, వడ్డీ ఒక్కటే వేయాలి, ముందుగా ఒప్పుకున్న ఓవర్‌డ్రాఫ్ట్ కంటే ఒప్పుకోనిదానికి ఎక్కువ వేయకూడదు. కోర్టు చేయలేని పని పదేళ్ల తర్వాత బ్యాంకుల్ని అదుపు చేసే ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ రూలు చేసింది, బ్యాంకులేమో చాలావరకు వడ్డీని 40 శాతం దగ్గరికి లేపేశాయి. 500 పౌండ్లు నెలంతా వాడితే సుమారు 14 పడుతుంది, రోజుకి పౌండు లెక్కన వేసిన రోజుల్లో 30 అయ్యేది. అదే 1500 మోస్తుంటే 42 దాకా పోతుంది, మీకు పాతదే నయం అనిపించొచ్చు. పదేపదే మైనస్‌లో ఉండేవాళ్లని బ్యాంకే గుర్తించి సాయం చేయాలని కూడా రూలుంది. మిమ్మల్ని పలకరించారా? లేకపోతే కంప్లయింట్‌లో మొదటి లైను అదే రాయండి.