డీడబ్ల్యూఐ కేసు కోసం అమ్మ బంగారం కుదువ పెట్టకండి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. హెచ్1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 9 రోజుల క్రితం ఫ్రెండ్ గృహప్రవేశం నుంచి వస్తుంటే పోలీసులు ఆపారు. బ్రీత్ టెస్టులో 0.11 వచ్చింది, డీడబ్ల్యూఐ (తాగి బండి నడపడం) కేసు పెట్టారు. ఇదే మొదటిసారి. నా భార్య, మూడేళ్ల బాబు ముందే వేరేవాళ్ల కారులో ఇంటికి వెళ్లిపోయారు. బ్యాంకులో 2,300 డాలర్లున్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 6,400. రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కెలో 38,000, కంపెనీ షేర్లు ఓ 5,000 ఉంటాయి. ఇంటి ఖర్చు నెలకు 4,000. తెల్లాపూర్ ఫ్లాటుకు ఈఎంఐ 95,000 రూపాయలు. లోన్ త్వరగా తీరిపోవాలని రెండేళ్లుగా దానిపైన ఇంకో 60,000 కడుతున్నాను. లాయరు 5,000 డాలర్లు అడుగుతున్నారు, సగం ముందే ఇవ్వాలట. కార్డు మీద 8,000 నగదు తీసుకోనా, 401కె లోన్ పెట్టనా, తెనాలిలో అమ్మ బంగారం తాకట్టు పెట్టించనా? డబ్బు చూసుకున్నాక లాయరును కలుద్దామనుకుంటున్నాను. డిసెంబరులో చెల్లి పెళ్లికి టికెట్లు కూడా బుక్ చేశాం.

జవాబు: మూడూ వద్దు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అప్పుల మాట కాదు, 'డబ్బు చూసుకున్నాక' అన్న మాట. ఆ రాత్రి పోలీసు మీ లైసెన్సు తీసుకుని ఓ కాగితం చేతికిచ్చి ఉంటారు. చాలామంది దాన్ని మడిచి కారు డాష్‌బోర్డు అరలో పడేసి మర్చిపోతారు. అది లైసెన్సు సస్పెన్షన్ నోటీసు. అందిన 15 రోజుల్లో విచారణ కోరాలి. కోరకపోతే 40 రోజులు దాటాక లైసెన్సు 90 రోజులపాటు దానంతటదే సస్పెండ్ అవుతుంది, కోర్టులో కేసు ఇంకా మొదలు కాకపోయినా సరే. విచారణ కోరితే అది తేలేదాకా సస్పెన్షన్ ఆగుతుంది. మీకు మిగిలినవి 6 రోజులు. లాయరు కుదరకపోయినా విచారణ మీరే కోరవచ్చు. ఈ ఉత్తరం చదవగానే ఆ పని చేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. మొదటి డీడబ్ల్యూఐకి టెక్సస్‌లో 2,000 డాలర్ల వరకు జరిమానా, 72 గంటల నుంచి 180 రోజుల వరకు జైలు ఉంటాయి. లైసెన్సు ఏడాది వరకు పోవచ్చు. మనవాళ్లలో ఎక్కువమందికి తెలియనిది, శిక్ష పడితే దీనికి తోడు రాష్ట్రానికి వేరే జరిమానా ఉంది. 36 నెలల్లో మొదటిసారైతే 3,000, రెండోసారైతే 4,500, రీడింగ్ 0.15 లేదా అంతకు మించితే మొదటిసారికే 6,000. ఆపైన కోర్టు ఖర్చులు, 12 గంటల క్లాసు, రెండేళ్లపాటు ఎస్ఆర్-22 (మీకు ఇన్సూరెన్సు ఉందని కంపెనీ రాష్ట్రానికి ఇచ్చే పత్రం), దాంతో పెరిగే ప్రీమియం. ఒక్క మాట. మీ బాబు ఆ కారులో లేకపోవడం మీ అదృష్టం. 15 ఏళ్లలోపు పిల్లలుంటే మొదటిసారే అయినా అది ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం, 10,000 డాలర్ల వరకు జరిమానా, 180 రోజుల నుంచి రెండేళ్ల వరకు జైలు. వీకెండ్ పార్టీల నుంచి పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చే తండ్రులందరూ దీన్ని రెండుసార్లు చదవాలి.

అయితే ఇదంతా ఒకేసారి కట్టాల్సిన డబ్బు కాదు. ఇప్పుడు కావలసింది లాయరుకు 2,500. జరిమానా అన్నది కేసు తేలాక, శిక్ష పడితేనే. దాన్నీ వాయిదాల్లో కడతానని జడ్జిని అడగవచ్చు. రేపటి ఖర్చుకు ఇవాళే 8,000 అప్పు ఎందుకు చేస్తున్నారు? కార్డు మీద నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, దానిపైన ఫీజు, అదీ 6,400 బాకీ ఉన్న కార్డు మీద! 401కె లోన్ తీసుకున్నాక ఉద్యోగం పోతే, తర్వాతి ఏడాది టాక్స్ గడువులోగా తీర్చాలి. లేదంటే మిగిలిన బాకీ మీద టాక్సు, మీ వయసుకు 10 శాతం పెనాల్టీ. చెల్లి పెళ్లి దగ్గర పడుతుంటే అమ్మ బంగారం కుదువ పెట్టే ఆలోచన ఎలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. కంపెనీ షేర్లు అమ్మేయండి. లాయరు ఖర్చు దాంతోనే తీరుతుంది.

అసలు తప్పు ఆ రాత్రికి ముందే జరిగింది. రెండేళ్లలో 14,40,000 రూపాయలు ఈఎంఐ పైన కట్టారు. ఇవాళ అవసరమైతే బ్యాంకు అందులో రూపాయి కూడా తిరిగివ్వదు. సగం కట్టి మిగతా సగం ఇక్కడి సేవింగ్స్ ఖాతాలో వేసుకున్నా ఈరోజు మీరు ఎవరినీ చేబదులు అడగాల్సి వచ్చేది కాదు. అమెరికాలో జీతం, హైదరాబాద్‌లో ఫ్లాటు, చేతిలో మాత్రం నెల ఖర్చుకూ సరిపోని డబ్బు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఇదే మళ్లీ మళ్లీ చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. హెచ్1బీ వాళ్లకు ఉద్యోగం పోతే దొరికే వ్యవధి 60 రోజులే. ఆర్నెల్ల ఖర్చు, అంటే మీకు 24,000 డాలర్లు, డాలర్లలోనే, అడగ్గానే చేతికొచ్చే చోట ఉండాలి. ఈ నెల నుంచే ఆ అదనపు 60,000 ఆపండి. ఆరేడు వందల డాలర్లు మిగులుతాయి. 401కెలో కంపెనీ జత చేసేంత వరకే వేసి, మిగతాది ఏడాదిపాటు ఆపండి. ముందు కార్డు బాకీ, ఆ వెంటనే ఈ నిధి. ఫ్లాటు ఎక్కడికీ పోదు.

పెళ్లి ప్రయాణం గురించి చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. 2015 నవంబరు నుంచి డీడబ్ల్యూఐలో అరెస్టయితే చాలు, శిక్ష పడకపోయినా, వీసాను రద్దు చేసే విధానం ఉంది. ఇక్కడున్నంత కాలం ఉద్యోగానికి అడ్డం కాదు. కానీ వీసా రద్దయ్యాక ఇండియా వెళితే తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, వాళ్లు చెప్పిన డాక్టరు దగ్గర పరీక్ష. అది ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు జీతం ఆగిపోవచ్చు, ఈఎంఐ మాత్రం ఆగదు. ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా విమానం ఎక్కకండి. కోర్టులో నేరం ఒప్పుకునే ముందు కూడా ఆయన్నే అడగండి. డిఫర్డ్ అడ్జుడికేషన్ (శిక్ష ఖరారు చేయకుండా కొంతకాలం కోర్టు పర్యవేక్షణలో ఉంచడం) అని ఆఫర్ చేస్తే ఊరటగా అనిపిస్తుంది, కానీ నేరం ఒప్పుకుని తీసుకుంటే ఇమిగ్రేషన్ చట్టం దాన్నీ శిక్ష కిందే లెక్కేస్తుంది.

కారు ఇన్సూరెన్సు టెక్సస్ కనీసానికే ఉంటే, అంటే అవతలివాళ్లలో ఒకరి గాయాలకు 30,000, ఒక ప్రమాదంలో అందరి గాయాలకు కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్ల లెక్కన, రెన్యువల్‌లో పెంచండి.

బంగారం గురించి అమ్మగారికి ఇప్పటికే చెప్పి ఉంటే, వద్దని ఇవాళే ఫోన్ చేయండి. ఆవిడ బీరువా తాళం తీసేలోపే.