బొమ్మ పక్కన ఏం రాయాలి?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మావారిది ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. మా అబ్బాయికి 14 ఏళ్లు, ఆటిజం ఉంది. మాటలు తక్కువ. పొద్దస్తమానం రైలు పెట్టెల కింది భాగమే గీస్తాడు: చక్రాలు, స్ప్రింగులు, బ్రేకు గొట్టాలు. కిటికీలు, మనుషులు ఎప్పుడూ వేయడు. నీలం బాల్‌పెన్ తప్ప ఇంకోటి ముట్టుకోడు. డ్రాయింగ్ మాస్టారు కొండలు, కొబ్బరిచెట్లు వేయించబోతే కాగితం చించేశాడు. బంధువులేమో, "లండన్లో ఒకాయన ఊరంతా ఒక్కసారి చూసి గీసేస్తాడట కదా, మీవాడూ అంతేనా?" అని అడుగుతున్నారు. వచ్చే నెల వాడి స్కూల్లో ఎగ్జిబిషన్. పేరుతో పాటు "ఆటిజం ఉన్న బాలుడు" అని రాస్తామంటున్నారు. రాయనివ్వాలా? టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, పెరంబూరు

జవాబు: అమ్మా, మీరు పంపిన మూడు బొమ్మలూ నా బల్ల మీద ఉన్నాయి. ముందు వాటి గురించే చెబుతాను. మీ ఉత్తరంలో మాస్టారి మాట ఉంది, బంధువుల మాట ఉంది, బొమ్మ ఎలా ఉందని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు.

ఆ స్ప్రింగు చూడండి. ముందుకొచ్చే చుట్ట దగ్గర పెన్ను గట్టిగా నొక్కాడు, వెనక్కి పోయే చుట్ట దగ్గర తేలిగ్గా వదిలేశాడు. కాగితం తిరగేసి తడిమితే ఆ నొక్కుడు వేలికి తగులుతుంది. చక్రాల మధ్య చీకటిని పూయలేదు, సన్నటి గీతలు అన్నీ ఒకే వాలులో గీసి తెచ్చాడు. ఎగ్మూరు ఆర్ట్స్ కాలేజీలో చదివేటప్పుడు, ఇనుము బరువు కాగితం మీద కనపడాలని మా చేత నెలల తరబడి సాధన చేయించేవారు. మీవాడి స్ప్రింగులో ఆ బరువు ఉంది. మొదటి బొమ్మలో మాత్రం గొట్టాలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు. అదీ చెప్పాలి. బొమ్మలు వేసే ఏ పిల్లాడికైనా చెప్పేదే వీడికీ చెప్పాలి, జాలిపడి దాచకూడదు.

మాస్టారిది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ ఆయనకి జుడిత్ స్కాట్ గురించి చెప్పండి. అమెరికాలో 1943లో కవలల్లో ఒకరిగా పుట్టింది. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ (బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే స్థితి), పైగా చెవుడు. ఆ చెవుడు సంగతి చాలా ఏళ్లు ఎవరూ గుర్తించనే లేదు. ఏడేళ్ల వయసులో ఆమెని ఇంటినుంచి తీసుకెళ్లి ఒక సంస్థలో పెట్టేశారు. సుమారు 35 ఏళ్ల తర్వాత, తోడబుట్టిన జాయిస్ ఆమెని బయటికి తెచ్చుకుంది. ఓక్లాండ్‌లో క్రియేటివ్ గ్రోత్ అనే కళాకేంద్రంలో చేర్పిస్తే, దాదాపు రెండేళ్లు రంగులూ కుంచెలూ ఆమెకి పట్టలేదు. తర్వాత నూలు చేతికొచ్చింది. ఇక 2005లో చనిపోయేదాకా కర్రలు, కుర్చీలు, దొరికిన వస్తువు ఏదైనా సరే, నూలుతో చుట్టి చుట్టి పెద్ద పెద్ద ఆకారాలు చేసింది. ఇవాళ అవి మ్యూజియాల్లో ఉన్నాయి. వాటికి ఆమె పేర్లు పెట్టలేదు, అర్థం చెప్పలేదు. నన్ను కదిలించేది ఆ రెండేళ్లు. ఏమీ చేయని మనిషికి రోజూ బల్ల దగ్గర చోటిచ్చి ఊరుకున్నారు. మీవాడు అలా ఆగాల్సిన పని కూడా లేదు, వాడి నూలు వాడికి దొరికేసింది.

బంధువులు చెప్పే ఆయన స్టీఫెన్ విల్ట్‌షైర్. ఆయనకీ ఆటిజం ఉంది. 2005లో టోక్యో మీద హెలికాప్టర్‌లో కాసేపు తిరిగొచ్చి, పది మీటర్ల కాగితం మీద ఆ నగరాన్ని జ్ఞాపకం నుంచే గీశాడు. మహా విద్య. అయితే అంతటి జ్ఞాపకశక్తి ఆటిజం ఉన్నవాళ్లలో ఎంతో కొద్దిమందికే ఉంటుంది. అది లేనివాళ్లని అందరూ ఇలా నిలదీస్తుంటే నాకు కోపం వస్తుంది. ఈసారి అడిగితే వాడి నోటుపుస్తకం వాళ్ల చేతిలో పెట్టండి, చూడమనండి.

ఇక బోర్డు మాట. ఇది నాకు సొంతంగా తగిలిన దెబ్బ. నా కుడిచేతికి వణుకు ఉంది, ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే కనపడదు, కుంచె పట్టుకోగానే మొదలవుతుంది. కాశీమేడు రేవులో పడవలు ఆ చేత్తోనే వేస్తాను. నీటి గీతలకి ఆ వణుకు పనికొస్తుంది. తాళ్లు గీసేటప్పుడు మాత్రం ఎడమచేత్తో మణికట్టు పట్టుకోవాలి. ఒకచోట నా బొమ్మలు పెట్టి, నన్ను అడక్కుండానే "వణుకును జయించిన చిత్రకారిణి" అని బోర్డు రాశారు. నేను దేన్నీ జయించలేదు, ఆ చెయ్యి అలాగే ఉంది. వచ్చినవాళ్లు పడవల ముందు నిలబడి నా చేతివైపు చూశారు. కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ సాయంత్రం పడవల గురించి ఒక్క ప్రశ్న రాలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆటిజం అన్న మాట దాచుకోమని నేననను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదొకటి. సర్టిఫికెట్ మీద, స్కూల్లో సాయం కోరే దరఖాస్తు మీద ఆ మాట ఉండి తీరాలి. తమ మెదడు తీరు గురించే బొమ్మలు వేసి, ఆ సంగతి తామే పెద్దక్షరాల్లో రాసుకునే కళాకారులూ ఉన్నారు. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. అక్కడ రాసేది వాళ్లు. మీ ఇంటి విషయంలో స్కూలు రాస్తోంది, మీరు ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నారు, వాడిని ఎవరూ అడగలేదు. మాటలు తక్కువైతే మాత్రం అడగడానికి దారి లేదా? రెండు కార్డులు రాసి బొమ్మ పక్కన పెట్టి, నెమ్మదిగా వివరించి, ఏది తీసుకుంటాడో చూడండి. ఇంకోరోజు మళ్లీ అడగండి. వాడికి తెలియలేదనిపిస్తే పేరు, వయసు, "కాగితం మీద బాల్‌పెన్" అని చాలు. స్కూలువాళ్లు వినకపోతే ఈ పేజీ చూపించండి.

పెన్నులు కొనేటప్పుడు అదే కంపెనీ, అదే నీలం కొనండి. పెద్ద కాగితం ఒకటి పక్కన ఉంచి చూడండి, ముట్టుకోకపోతే వదిలేయండి. మీ దగ్గర్లోనే ఐసీఎఫ్ వాళ్ల రైల్ మ్యూజియం ఉంది కదా, జనం లేని వేళ తీసుకెళ్లండి.

ప్రశ్న: శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీకి మధ్యలో చూపు పోయిందని చదివాను. ఆ తర్వాత చేసినవాటిని కూడా మిగతావాటితో సమానంగా చూడాలా మేడమ్?
— కాలేజీ విద్యార్థి, చూళైమేడు

జవాబు: చూడాలి బాబూ. పుట్టుకతోనే ఆయనకి ఒక కన్ను లేనట్టే, రెండోదాని చూపు బాగా మందం. ఆ చూపుతోనే 1946-47లో శాంతినికేతన్‌లోని హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సాధుకవులను చిత్రించారు. 1956లో కంటి ఆపరేషన్ తర్వాత ఉన్న ఆ కాస్త చూపూ పోయింది. అప్పుడు కాగితాలు కత్తిరించి అతికించడం మొదలుపెట్టారు, మైనంతో చిన్న బొమ్మలు చేశారు, గోడ మీద పలకలతో పెద్ద చిత్రం కూర్చారు. ఆయన దగ్గర చదువుకున్న సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద డాక్యుమెంటరీ తీశారు, దొరికితే చూడు. కాగితం బొమ్మల దగ్గర అంచులు గమనించు. ఎక్కడ మలుపు తిప్పాలో ఆ వేళ్లకి తెలుసు. వాటిలో కొన్ని నాకు ఆయన గోడచిత్రాల కన్నా ఇష్టం.

ప్రశ్న: మా అత్తగారికి డిమెన్షియా. ఒకప్పుడు మా వీధిలో ఆవిడ మెలికల ముగ్గుకి పేరు. ఇప్పుడు చుక్కలు వరస తప్పుతున్నాయి, గీత ఎక్కడో ఆగిపోతుంది. ఎవరైనా ఏమైనా అంటారని, ఆవిడ లోపలికి వెళ్లగానే చెరిపి నేను మళ్లీ వేస్తున్నాను. తప్పా?
— ఒక కోడలు, వెస్ట్ మాంబళం

జవాబు: ఆవిడ పరువు కాపాడాలనే చేస్తున్నారు, నాకు అర్థమైంది. అయినా చెరపొద్దమ్మా.

లండన్‌లో స్థిరపడిన చిత్రకారుడు విలియం ఉటర్‌మోలెన్‌కి 1995లో అల్జైమర్స్ అని తేలింది, అదీ డిమెన్షియాలో ఒక రకమే. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తన ముఖం తానే వేసుకున్నాడు. కళ్లు, చెవులు చోటు తప్పుతూ వచ్చాయి. ఆ బొమ్మల్లో డాక్టర్లు జబ్బు ముదరడాన్ని చూశారు. నేను చూసినప్పుడు, తల ఎక్కడ ఉంచాలి, ఎంత నలుపు పులమాలి అని ఇంకా నిర్ణయాలు తీసుకుంటున్న మనిషి కనిపించాడు. మీ అత్తగారూ రోజూ ఆ పనే చేస్తున్నారు. ఈ ధనుర్మాసంలో వీధంతా ముగ్గులు చూస్తూ నడుస్తుంది, చూడనివ్వండి. ఎవరైనా అడిగితే "మా అత్తగారు వేశారు" అనండి, అంతకు మించి వివరం అక్కర్లేదు. మీకూ వేయాలని ఉంటే పక్కన వేయండి. ఆవిడ అడిగితే చుక్కలు పెట్టి ఇవ్వండి, అడగకపోతే వద్దు. ముగ్గు చూసి రోజురోజుకీ జబ్బు లెక్క కట్టుకోవద్దు, ఆ సంగతి డాక్టరు చూసుకుంటారు. తెల్లవారకముందు మాత్రం ఒంటరిగా వాకిట్లోకి పంపకండి. వంగి లేచేటప్పుడు తూలే వయసు, ఎవరో ఒకరు దగ్గర ఉండాలి.