నాన్న డ్యూటీలో, పిల్లలు బడిలో: చైల్డ్ ప్లాన్ కంటే ముందు చూడాల్సినవి

ప్రశ్న: మా వారు ఆర్మీలో హవల్దార్. ప్రస్తుతం లద్దాఖ్‌లో ఫీల్డ్ పోస్టింగ్. ఇంకో ఐదేళ్లలో రిటైర్ అవుతారు. నేను పిల్లలతో తాడేపల్లిగూడెంలో అద్దెకు ఉంటున్నాను. అమ్మాయి 8వ తరగతి, అబ్బాయి 4వ తరగతి. తెలిసిన ఏజెంట్ ఒకరు పిల్లల చదువుకు నెలకు రూ.10 వేల చైల్డ్ ప్లాన్ (బీమా, పొదుపు కలిసిన పాలసీ) కట్టమంటున్నారు. కట్టమంటారా? అబ్బాయిని సైనిక్ స్కూల్‌కు పంపగలమా?

జవాబు: చైల్డ్ ప్లాన్ వద్దు. మధ్యలో ఆపితే నష్టం, చివరిదాకా కట్టినా రాబడి అంతంతమాత్రమే. మీ వారికి ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది, జీతంలోంచి నెలనెలా కట్ అవుతూనే ఉంటుంది. అది చాలదనిపిస్తే విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి. విధి నిర్వహణలో, యుద్ధంలో ప్రాణం పోయినా క్లెయిమ్ వస్తుందా లేదా అన్నది మాత్రం కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది వేరే విషయం. అమ్మాయి బీటెక్‌లో చేరే ఏడాదీ ఆయన ఇంటికి వచ్చే ఏడాదీ దాదాపు ఒక్కటే. జీతం పోయి పెన్షన్ మొదలయ్యేటప్పటికే పెద్ద ఫీజులు మొదలవుతాయి. సైనికుల పిల్లలకు దొరికే సాయంలో కొంత సర్వీసులో ఉన్నంతకాలమే వస్తుంది, కొంత డిశ్చార్జ్ అయ్యాకే మొదలవుతుంది. మీరు ముందు చూసుకోవాల్సింది ఈ తేదీలనే.

ఇప్పుడు వచ్చేది చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్. 2024 జనవరి నుంచి ఒక్కో బిడ్డకు నెలకు రూ.2,812.50. మీరు ఎంత ఫీజు కట్టారన్నదానితో పని లేదు, ఇది స్థిరం. ఇద్దరికీ కలిపి ఏడాదికి రూ.67,500. నెలనెలా రాదు, ఏడాదికోసారి స్కూల్ సర్టిఫికెట్‌తో క్లెయిమ్ చేస్తే ఒకేసారి పడుతుంది. అలా పడ్డ డబ్బు ఫ్రిజ్‌కో బండికో వెళ్లిపోవడం చాలా ఇళ్లలో చూశాను. దాన్ని పిల్లల పేరు రాసిన వేరే ఖాతాలోకి మళ్లించండి. రిటైరైన విద్యా సంవత్సరం చివరితో ఇది ఆగిపోతుంది.

అబ్బాయి సంగతి. విజయనగరం దగ్గర కోరుకొండలో, రాయలసీమలో కలికిరిలో సైనిక్ స్కూళ్లు ఉన్నాయి. 6వ తరగతిలో చేరాలంటే 5వ తరగతి చదువుతుండగానే ప్రవేశ పరీక్ష రాయాలి. చేరే ఏడాది మార్చి 31 నాటికి 10 నుంచి 12 ఏళ్ల మధ్య ఉండాలి. సైనికుల పిల్లలకు విడిగా కోటా ఉంది. ఇక ఖర్చు: ఇంటికి 50 కిలోమీటర్లు దాటిన హాస్టల్‌లో చదివితే నెలకు రూ.8,437.50 వరకు హాస్టల్ సబ్సిడీ వస్తుంది, పైన చెప్పిన అలవెన్స్‌తో పాటే తీసుకోవచ్చు. రెండూ కలిపి ఏడాదికి రూ.1,35,000 దాకా. కాబట్టి పంపగలరు. అయితే మీ వారు సర్వీసులో ఉండే మొదటి మూడు, నాలుగేళ్లే ఈ సాయం. 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా ఈ రెండూ లేకుండానే ఫీజు కట్టాలి. ఆ లెక్క వేసుకున్నాకే ఫారం నింపండి. నాన్న దగ్గర లేని పిల్లవాణ్ణి అమ్మకు కూడా దూరం చేయాలా అన్నది డబ్బుతో తేలే విషయం కాదు. వాణ్ణి ఒకసారి అడగండి.

అమ్మాయి విషయంలో తొందర ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 85 శాతం సీట్లు స్థానికులవి. 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే సాధారణంగా అక్కడే స్థానికత. ఆయనకు రేపు జబల్‌పూర్ పోస్టింగ్ వచ్చిందని అందరూ కలిసి వెళ్లిపోతే ఆ గొలుసు తెగుతుంది, కన్వీనర్ కోటా సీటు కష్టమవుతుంది. సికింద్రాబాద్‌లో ఫ్యామిలీ క్వార్టర్ తీసుకుని బొల్లారంలోనో ఆర్‌కే పురంలోనో ఆర్మీ పబ్లిక్ స్కూల్‌లో చేర్చడం మంచి ఆలోచనే. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాలే చుట్టూ ఉంటాయి, ఆవా (సైనికుల భార్యల సంక్షేమ సంఘం) మహిళల తోడు ఉంటుంది, నాన్న ఫోన్ రాని వారం పిల్లల టెన్షన్ ఏమిటో అక్కడి టీచర్లకు తెలుసు. కానీ అది తెలంగాణ. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్‌తో ముగిసింది. వచ్చే జూన్‌లోపు ఏదో ఒక రాష్ట్రం తేల్చుకుని నాలుగేళ్లు కదలకుండా ఉండండి. ఇంజినీరింగ్‌లో సైనికుల పిల్లలకు 2 శాతం కోటా ఉంది కానీ, అందులో అమరుల, గాయపడినవారి పిల్లలకు ముందు ప్రాధాన్యం. దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

డిశ్చార్జ్ తర్వాత వచ్చేది ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. అమ్మాయిలకు నెలకు రూ.3,000, అబ్బాయిలకు రూ.2,500. ఇంటర్‌లో 60 శాతం రావాలి, ప్రొఫెషనల్ కోర్సు మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి, తండ్రి అప్పటికే మాజీ సైనికుడై ఉండాలి. మీ అమ్మాయి చేరిన మరుసటి ఏడాది ఆయన రిటైరైతే ఈ అవకాశం పోతుంది. అలాగని దీనికోసం ముందే పెన్షన్ మీద వచ్చేయమనకండి. నాలుగేళ్లకు వచ్చేది రూ.1,44,000 మాత్రమే, ఒక్క ఏడాది జీతం ముందు అది చాలా చిన్నది. హవల్దార్ ర్యాంకు వరకు మాజీ సైనికుల పిల్లలకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే విద్యా గ్రాంటు కూడా ఉంది. 2025 నవంబర్ నుంచి దాన్ని నెలకు రూ.2,000 చేశారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఆ పది వేలలో ఆరు వేలు అమ్మాయికి. నాలుగేళ్లే టైముంది కనుక షేర్ల జోలికి పోకుండా మీ వారి ప్రావిడెంట్ ఫండ్‌లో నెలవారీ చందా పెంచమనండి. 7 శాతం వడ్డీ వచ్చినా సుమారు రూ.3 లక్షల 30 వేలు చేతికొస్తాయి. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లలోపే తెరవాలి, ఆ వయసు దాటిపోయింది. మిగతా నాలుగు వేలు అబ్బాయి పేరు తలచుకుని ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) నెలనెలా సిప్ వేయండి, వాడికి ఇంకా ఎనిమిదేళ్లకు పైగా ఉంది. రిటైర్మెంట్‌లో వచ్చే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం) డబ్బంతా ఇంటి స్లాబుకు పెట్టేయొద్దు. మూడు, నాలుగు లక్షలైనా చదువుకు పక్కన ఉంచండి.

ఆయన ఈసారి లీవ్‌కు వచ్చినప్పుడు పిల్లల పుట్టిన తేదీలు, పేర్లు పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబ వివరాలు నమోదు చేసే ఆర్మీ రికార్డు) ఎలా పడ్డాయో చూడండి. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇక్కడే: ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా, స్కూల్ రికార్డులో ఒక్క అక్షరం, యూనిట్ రికార్డులో అసలు లేకుండా ఉంటుంది. సర్వీసులో ఉండగా యూనిట్ క్లర్క్ దగ్గర సరిచేయించడం తేలిక. అమ్మాయి 10వ తరగతి మెమో రాకముందే మూడు చోట్లా ఒకే పేరు ఉండేలా చూడండి.