యూట్యూబ్ చూస్తే పిల్లలకు చదువు వస్తుందా? మా ఇంటి అనుభవం

మీ పాప ఆరో తరగతి, బాబుకు నాలుగేళ్లు అన్నారు. వీడియోలతో చదువు వస్తుందా, ట్యూషన్ మానిపించొచ్చా అని అడిగారు. మాది నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట. మా పిల్లలదీ దాదాపు అదే వయసు.

నన్నడిగితే, వీడియోల వల్ల మా ఇంట్లో ముందు లాభపడింది పిల్లలు కాదు, నేనే. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. పెద్దోడు గవర్నమెంట్ స్కూల్లోనే ఇంగ్లీష్ మీడియం. వాడు లెక్క అడిగితే నాకు టెన్షన్. 2020-21 నుంచి మన ఆంధ్రా గవర్నమెంట్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు వేస్తున్నారు కదా, అది కొంత నయం. పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటే గవర్నమెంట్ వాళ్ల దీక్షా యాప్‌తో స్కాన్ చేయండి, ఆ పాఠం వీడియోనే వస్తుంది. యూట్యూబ్‌లో వెతుక్కునే బాధ తప్పుతుంది.

భిన్నాల భాగహారంలో రెండోదాన్ని తిప్పి గుణించాలని మా చేత బట్టీ పట్టించారు. ఎందుకు తిప్పాలో ఎవరూ చెప్పలేదు. వాడు స్కూలుకు పోయాక ఒక తెలుగు వీడియో చూస్తే అప్పుడు తెలిసింది. 3 ÷ 1/2 అంటే మూడులో ఎన్ని సగాలున్నాయని అడగడమే! సాయంత్రం మూడు కారం దోసెలు సగానికి తుంచి వాడి ముందు పెట్టాను. ఆరు ముక్కలు. ఆ తర్వాతే వాడికి వీడియో చూపించాను. అందుకే చెప్తున్నా, ముందు మీరు చూడండి. పిల్ల ఎక్కడ తడబడుతుందో మీకు ముందే తెలుస్తుంది, అక్కడ ఆపి అడగొచ్చు. వీడియో నడుస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఫోన్ పక్కన పెట్టి, అంకెలు మార్చి ఇంకో లెక్క ఇస్తేనే అసలు సంగతి బయటపడేది.

మన వైపు ఇంకో సౌకర్యం ఉంది. రాకెట్ ఎగిరే రోజు ఇస్రో లైవ్ పెట్టుకుని మిద్దె ఎక్కండి. (2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీహరికోట తిరుపతి జిల్లాకు పోయింది గానీ, అక్కడి రాకెట్ కేంద్రం షార్ మాకు ఇంకా మనదే.) లైవ్ కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఫోన్‌లో చూసేది అప్పటికే జరిగిపోయి ఉంటుంది. ఎందుకు ఆలస్యమని మావాడు అడిగాడు. కెమెరా దగ్గర్నుంచి మన ఫోన్ దాకా బొమ్మ ఎలా వస్తుందో వెతికి ఇద్దరం కలిసి చూశాం. పాఠంలో లేని ప్రశ్న అది, వాడికి బాగా గుర్తుండిపోయింది.

మా ఆయనకు రొయ్యల గుంటలు. ఆయన చూసే వీడియోల్లో రొయ్యలకొచ్చే వైట్ స్పాట్ జబ్బుకు గ్యారంటీ మందు అని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆ వైరస్ తగులుకుంటే నయం చేసే మందు లేదు, జాగ్రత్తలే దారి. ఆయన అలాంటివి పిల్లల ముందే పెట్టి, "వీడు చివర్లో ఏం అమ్ముతాడో చూడండి రా" అంటారు. ఇప్పుడు పెద్దోడు ఏ వీడియో చూసినా చెప్పేదెవరు, ఎందుకు చెప్తున్నారు అని అడుగుతున్నాడు. ఈ పాఠం స్కూల్లో రాదు.

చిన్నబాబు సంగతి వేరు. రెండేళ్లలోపు స్క్రీనే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకు గంట దాటకూడదని, అదీ పెద్దవాళ్లు పక్కనుండగానే అని పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెబుతోంది. యూట్యూబ్ కిడ్స్‌లో మీరు ఎంచుకున్నవే కనిపించేలా పెట్టే సెట్టింగ్ ఉంది, టైమర్ కూడా ఉంది. ఆటోప్లే ఆపేయండి. అన్నం తినిపించడానికి మాత్రం ఫోన్ ఇవ్వకండి, మా అత్తగారితో నాకు ఇప్పటికీ దాని మీదే గొడవ. షార్ట్స్‌తో చదువొస్తుందంటే నేను నమ్మను.

ఇక ట్యూషన్. సోషల్‌కు మేం మానిపించాం, మ్యాపుల వీడియోలు చాలు. లెక్కలకు మానిపించలేదు. పిల్ల నోట్సులో మూడో లైన్లో గుర్తు తప్పు వేస్తే వీడియోకు కనిపించదు. ఆ నోట్సు రోజూ చూసే తీరిక మీకుంటే మానిపించండి, లేకపోతే ఈ ఏడాదికి ఉండనివ్వండి.