వెటరన్ ఆటగాడికి కొత్త జట్టు దొరకడం ఎందుకంత కష్టం?

ప్రశ్న: మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో పదేళ్లు ఆడినవాళ్లు కూడా ఫ్రీ ఏజెంట్లయ్యాక, అంటే కాంట్రాక్ట్ ముగిసి ఏ జట్టుకైనా వెళ్లే స్వేచ్ఛ వచ్చాక, ఫిబ్రవరి దాకా ఖాళీగా ఉంటున్నారు. జీతం తగ్గించుకుంటే ఎవరో ఒకరు తీసుకోరా?

జవాబు: జీతం కంటే పెద్ద అడ్డు 40 మంది రోస్టర్, అంటే మేజర్ లీగ్ కాంట్రాక్టున్న ఆటగాళ్ల జాబితా. మేజర్ లీగ్ కాంట్రాక్ట్ ఇచ్చారంటే అతనికి అందులో చోటివ్వాలి. అది నిండి ఉంటే ఒకరిని తప్పించాలి. తప్పించిన కుర్రాణ్ణి వేవర్స్‌లో, అంటే మిగతా జట్లకు అతణ్ణి తీసుకునే అవకాశమిచ్చే దశలో, ఇంకో జట్టు తన్నుకుపోవచ్చు. పైగా మేజర్ లీగ్‌లో ఐదేళ్ల సర్వీసు నిండినవాణ్ణి అతని సమ్మతి లేకుండా మైనర్స్‌కు (కింది స్థాయి లీగులకు) పంపకూడదు. ఆప్షన్లు, అంటే వేవర్స్ లేకుండా మైనర్స్‌కు పంపే అవకాశాలు, మిగిలిన కుర్రాణ్ణయితే అవసరాన్ని బట్టి కిందికీ పైకీ తిప్పుకోవచ్చు. అందుకే 2026 కనీస వేతనం 7,80,000 డాలర్లకే వస్తానన్నా జట్లు తటపటాయిస్తాయి.

ఫిబ్రవరిలో కదలిక రావడానికీ కారణం ఇదే. సీజన్‌కు ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్ క్యాంపులు తెరిచాక, ఎక్కువకాలం కోలుకోవాల్సిన ఆటగాళ్లను 60 రోజుల గాయాల జాబితాలో పెట్టవచ్చు. అలా పెట్టినవాళ్లు 40 మంది లెక్కలోకి రారు. ఆ ఖాళీల కోసమే చాలామంది వెటరన్లు కాచుకుని ఉంటారు.

ప్రశ్న: చివరికి మైనర్ లీగ్ కాంట్రాక్టే దిక్కయితే ఏం చూసుకుని సంతకం చేయాలి?

జవాబు: ముందుగా బయటపడే తేదీలు. ఆరేళ్లు, ఆపైన సర్వీసు ఉండి, గత సీజన్‌ను మేజర్ లీగ్ రోస్టర్‌లోనో గాయాల జాబితాలోనో ముగించి ఫ్రీ ఏజెంటైన ఆటగాడు, ఓపెనింగ్ డేకు (సీజన్ మొదటి రోజుకు) కనీసం 10 రోజుల ముందు సంతకం చేస్తే, లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2022లో కుదిరిన ఒప్పందం ప్రకారం మూడు తేదీలు వాటంతటవే వస్తాయి: ఓపెనింగ్ డేకు 5 రోజుల ముందు, మే 1, జూన్ 1. ఆ రోజున తనను పైకి తీసుకోమని అడగవచ్చు. తీసుకోకపోతే జట్టు అతణ్ణి వదిలేయాలి. సీజన్ మధ్యలో రిలీజై మైనర్స్‌లోనే ఏడాది ముగించినవాడికి ఈ రక్షణ లేదు. అలాంటివాడి ఏజెంటు తేదీలను పట్టుబట్టి కాంట్రాక్టులో రాయించుకోవాలి. లేకపోతే వేరే జట్టులో చోటున్నా, మైనర్స్‌లోని పై అంచె అయిన ట్రిపుల్-ఎ‌లోనే చిక్కుకుపోతాడు.

ఇక 45 రోజుల ముందస్తు సమ్మతి పత్రం. క్యాంపు చివర్లో, ఆటగాడు జట్టుకు ఎంపికయ్యాక, దీన్ని ముందు పెడతారు. సంతకం చేస్తే సీజన్ మొదటి 45 రోజుల్లో, గాయం కాని ఏ కారణంతోనైనా, మిగతా జీతం ఇవ్వకుండా పంపేయవచ్చు. 2014 మార్చిలో ఎడమచేతి పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) ర్యాండీ వుల్ఫ్ సియాటిల్ మెరీనర్స్ దగ్గర దీనికి ఒప్పుకోక, సంపాదించుకున్న చోటునే వదులుకుని బయటికొచ్చాడు. మా దృష్టిలో అతను చేసింది న్యాయమే. కాకపోతే ఇంకో జట్టు పిలుస్తుందన్న నమ్మకం లేనివాడికి అంత తెగువ కష్టం.

ప్రశ్న: తక్కువ జీతానికి ఒప్పుకుని, ఇన్ని హోమ్ రన్లు కొడితే ఇంత బోనస్ అని రాయించుకోవచ్చా?

జవాబు: కుదరదు. హోమ్ రన్లు, బ్యాటింగ్ సగటు, స్ట్రైకవుట్ల మీద బోనస్ నిషిద్ధం. ఆడిన మ్యాచులు, ప్లేట్ అప్పియరెన్సులు (బ్యాటింగ్‌కు దిగిన సార్లు), వేసిన ఇన్నింగ్సులు, రోస్టర్‌లో ఉన్న రోజులు, అవార్డుల మీద పెట్టుకోవచ్చు. పాత గాయాలున్న పిచ్చర్‌కు రోస్టర్ రోజుల బోనసే మేలు. ఇన్నింగ్సుల సంఖ్య మేనేజర్ చేతిలో ఉంటుంది.