కిల్స్ ఉన్నాయి, పాయింట్లు లేవు: బీజీఎంఐ ఆడే ఇంటర్ విద్యార్థికి జవాబు

ప్రశ్న: ఖమ్మంలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను సార్. బీజీఎంఐలో (ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట, చివరిదాకా మిగిలిన జట్టే గెలుస్తుంది) మా నలుగురి స్క్వాడ్ బాగా ఆడుతుంది. కిల్స్‌లో, అంటే ఎదుటి జట్లవాళ్లను చంపడంలో, దాదాపు ఎప్పుడూ నేనే ముందుంటాను. కానీ టోర్నమెంట్ క్వాలిఫయర్స్‌కి వచ్చేసరికి పదకొండు, పన్నెండు స్థానాల దగ్గరే ఆగిపోతున్నాం. పాయింట్లు ఎలా పెంచుకోవాలి? ఈ ఏడాది ఎంసెట్ పక్కనపెట్టి పూర్తిగా దీనిమీదే కూర్చుంటే ఉపయోగం ఉంటుందా? నాన్నకు ఇంకా చెప్పలేదు.

జవాబు: నాన్న సంగతి చివర్లో చూద్దాం. ఎంపీసీ వాడివి కాబట్టి ముందు కూడికలు, భాగహారాలు చేద్దాం.

ఈ ఆటకు దేశంలో జరిగే పెద్ద టోర్నమెంట్ బీజీఐఎస్. 2024లో అక్కడ వాడిన పాయింట్ల పద్ధతి నీకు తెలిసే ఉంటుంది. ఒక్కో ఫినిష్‌కి (కిల్‌కే ఇంకో పేరు) 1 పాయింట్. చికెన్ డిన్నర్‌కి, అంటే మొదటి స్థానానికి 10, తర్వాతి స్థానాలకు వరుసగా 6, 5, 4, 3, 2, 1, 1. తొమ్మిదో స్థానం నుంచి సున్నా. స్థానాల పాయింట్లన్నీ కలిపితే 32. లాబీలో, అంటే ఒక మ్యాచ్‌లో 16 జట్లు, 64 మంది. గెలిచిన జట్టులో మిగిలినవాళ్లను తీసేస్తే ఫినిష్‌లు సుమారు 60. అంటే ఒక మ్యాచ్‌లో అందరూ పంచుకునేది 92 పాయింట్ల దాకా. 16తో భాగిస్తే జట్టుకు ఆరు కూడా రావు. ఆరు మ్యాచ్‌లలో 35 దాటితేనే నువ్వు సగటు జట్టు కన్నా పైన ఉన్నట్టు. మీ పాత స్కోర్లు తీసి చూసుకో.

మూడింట రెండు వంతుల పాయింట్లు కిల్స్ నుంచే వస్తుంటే, కిల్స్ బాగా ఉన్న మీరెందుకు వెనకబడ్డారు? రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది, నువ్వు చెబుతున్నవి నీ కిల్స్, జట్టువి కావు. నువ్వు నాలుగు తీసి, మిగతా ముగ్గురూ కలిసి ఒకటి తీసి, పన్నెండో స్థానంలో బయటకొస్తే జట్టుకు ఐదే. రెండోది, క్లాసిక్ మ్యాచ్‌లలో (ఎవరైనా చేరే మామూలు ఆటల్లో) బాట్లు, అంటే కంప్యూటర్ ఆడించే బొమ్మలుంటాయి, సరదాకి ఆడేవాళ్లుంటారు. టోర్నమెంట్ కోసం విడిగా పెట్టే కస్టమ్ రూమ్‌లో ఎదురయ్యేది నీలాగే నెలల తరబడి స్క్రిమ్స్ (సాధన మ్యాచ్‌లు) ఆడిన పదిహేను జట్లు. అక్కడ నీ ర్యాంక్ చూసి ఎవరూ బెదరరు.

ఇప్పుడు స్థానాల మధ్య తేడాలు గమనించు. తొమ్మిది నుంచి ఎనిమిదికి వస్తే ఒక పాయింట్, ఎనిమిది నుంచి ఏడుకి ఏమీ లేదు, అక్కడి నుంచి రెండో స్థానం దాకా మెట్టుకు ఒక్కటే. అంటే ఒక మెట్టు ఎక్కినా, ఒక కిల్ తీసినా లెక్క ఒకటే. రెండు నుంచి ఒకటికి మాత్రం నాలుగు. కాబట్టి మొదట్లో ఒక కిల్ కోసం ఇద్దరు మనుషుల్ని పోగొట్టుకోవడం శుద్ధ దండగ. అలాగని గడ్డిలో పడుకుని కాలక్షేపం చేసినా లాభం లేదు. ఫినిష్ ఒక్కటీ లేకుండా ఎనిమిదో స్థానానికి వస్తే చేతికొచ్చేది ఒకే పాయింట్. నాలుగో జోన్ (ఆడే చోటును అంచెలంచెలుగా కుదించే వలయం) దాటాక నలుగురూ ప్రాణాలతో ఉంటే, జోన్ తరుముకొస్తున్న జట్లు మీ ముందునుంచే పరుగెత్తాలి. అప్పుడొచ్చే కిల్‌తో స్థానం కూడా పెరుగుతుంది. మీరు సంపాదించాల్సింది ఆ కిల్స్.

దానికి డ్రాప్ (మొదట దిగే చోటు) దగ్గరే జాగ్రత్త పడాలి. ప్రతి మ్యాప్‌లో ఒక చోటు మీదని ఖాయం చేసుకోండి. ఎరాంగెల్ మ్యాప్‌లో పోచింకి ఊరు సరదాగానే ఉంటుంది, కానీ ఇంకో జట్టు కూడా అక్కడే దిగితే క్వాలిఫయర్ మొదటి మూడు నిమిషాల్లో ముగిసిపోవచ్చు. లూట్ (దొరికే తుపాకులు, సామాన్లు) కాస్త తగ్గినా పోటీ లేని చోటు మేలు. బండి ఎక్కడ దొరుకుతుందో, ఏ జోన్‌కి ఏ దారిన వెళ్లాలో ముందే అనుకోవాలి. మాట ఒక్క ఐజీఎల్‌దే, అంటే ఆటలో జట్టును నడిపేవాడిదే చెల్లాలి. నలుగురూ ఒకేసారి అరిచే జట్లు తెలివైన పిల్లలవైనా ఓడిపోతాయి. ఇంకో జట్టుతో గొడవ పెట్టుకుంటే నిమిషంలోపు తేల్చెయ్యాలి, లేదంటే మూడో జట్టు వచ్చి ఇద్దరినీ ఊడ్చేస్తుంది. నాక్ అయి కిందపడ్డవాణ్ణి స్మోక్ (పొగబాంబు) వేయకుండా బయలులో రివైవ్ చేయడం, అంటే లేపడం మానేయండి.

చివరి మ్యాచ్ ముందు పాయింట్ల పట్టిక చూసి ఆడాలి. క్వాలిఫై కావడానికి నాలుగు చాలనుకో, ఆరో స్థానం, రెండు కిల్స్ సరిపోతాయి. పదిహేను కావాలంటే దాదాపు చికెన్ డిన్నరే కొట్టాలి, అప్పుడు మొదటి నుంచే జోన్ మధ్యలో మంచి కాంపౌండ్ (దాక్కోవడానికి వీలైన ఇళ్ల గుంపు) పట్టుకోవాలి. ఈ రెండు మ్యాచ్‌లనీ ఒకేలా ఆడే జట్టు పైకి రాదు.

ఒక పని చెయ్యి. ఎక్సెల్‌లో షీట్ పెట్టి, ఆడిన ప్రతి మ్యాచ్‌కి డ్రాప్, స్థానం, ఎవరి ఫినిష్‌లు ఎన్ని, ఏ జోన్‌లో వచ్చాయి, ఎందుకు చచ్చారు అన్నవి రాయి. పదిహేను ఇరవై మ్యాచ్‌లయ్యాక మీ జబ్బేమిటో నన్ను అడగనక్కర్లేదు. ఈ షీట్ రాయడం నీకు ఆడటం కన్నా ఇష్టంగా అనిపిస్తే అదీ మంచి కబురే. పెద్ద జట్లకు అనలిస్టులు, కోచ్‌లు ఉంటారు. ప్రసారాల్లో అబ్జర్వర్లు (ఆటలో ఏ దృశ్యం చూపించాలో ఎంచేవాళ్లు), కామెంటేటర్లు పనిచేస్తారు. ఆ పనులకు చేతివేగం కన్నా గణాంకాలు, మాట తీరు ముఖ్యం.

ఇక ఎంసెట్ మానేయడం. వద్దు. 2024 జూన్‌లో బీజీఐఎస్ ఫైనల్స్ మన హైదరాబాద్ హైటెక్స్‌లోనే జరిగాయి, మొత్తం బహుమతి 2 కోట్లు. అంత పెద్ద పోటీలో ఫైనల్‌కి చేరేది 16 జట్లే. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు. దాని బదులు బీజీఎంఐ 2021లో వచ్చి, 2022 జూలైలో స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. దాదాపు పది నెలలు! కబడ్డీని ఎవరూ ప్లేస్టోర్ నుంచి తీసేయలేరు. ఆటగాడి తప్పు లేకుండానే ఆట ఆగిపోయే రంగంలో చేతిలో ఇంకో చదువు ఉండాల్సిందే. పైగా తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు. రోజంతా ఆడాలంటే వయసు దాచాలి. ఆ దారి వద్దు, టోర్నమెంట్‌లో ఆధార్ అడిగిన రోజు జట్టు మొత్తం బయటికి పోతుంది.

పరీక్షలయ్యేదాకా వారానికి రెండు సాయంత్రాలు స్క్రిమ్స్, అంతే. ఎంసెట్ అయిపోయాక వేసవి నీదే. ఆ రెండు నెలల్లో జట్టుకు మ్యాచ్‌కి వచ్చే సగటు పాయింట్లు ఏడు, ఎనిమిదికి చేరితే డిగ్రీ చదువుతూ కొనసాగించు. ఐదు దగ్గరే ఉంటే సరదాగా ఆడుకో.

నాన్నకు ఈ వారమే చెప్పు. మైనర్‌వి కదా, పెద్ద టోర్నమెంట్లకు తల్లిదండ్రుల అంగీకారం అడుగుతారు, ఎలాగూ తెలియకుండా నడవదు. 'ప్రో అవుతాను' అని మొదలుపెట్టకు. షీటు, పరీక్షల టైమ్‌టేబుల్ రెండూ ముందు పెట్టి మాట్లాడు. ఇది పందెం ఆటేనా అని అడుగుతారు. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించిందని చెప్పు. కిల్‌కి ఇంత అని డబ్బులు వసూలు చేసే రూమ్‌లలో ఇప్పటికే ఆడుతుంటే మాత్రం ఈ మాట చెప్పే ముందే వాటిలోంచి బయటికి రా.